నిలువు తుడుపు

మూడోసారి కూడా హాజరు యంత్రం ఆమె బొటనవేలిని ఒప్పుకోలేదు. ఎర్రదీపం వెలిగించి "మళ్ళీ ప్రయత్నించండి" అంది. నునుపమ్మ వేలిని నీలం కోటు అంచుకు గట్టిగా తుడిచి నాలుగోసారి పెట్టబోయింది.

"నలభైసార్లు పెట్టినా అంతే వదినా," అన్నాడు కాపలాదారు, సంతకాల రిజిస్టరు ముందుకు తోస్తూ. "వేలిమీద గీతలుంటేగా అది చదివేది! నువ్వు దొంగతనం చేసినా ఎవరూ పట్టుకోలేరు."

"ఏం దొంగిలించమంటావ్? నీ నిద్రా? బస్తాలకొద్దీ ఉంది నీ దగ్గర."

"సర్లే. ఇవాళేగా మీ ముక్క సంగతి తేలేది?"

"సాయంత్రం నాలుగూ మూడు నిమిషాలకి," అంది నునుపమ్మ, ముహూర్తం చెప్పినంత ఖచ్చితంగా. సంతకం గిలికి, అన్నం డబ్బా చంకలో పెట్టుకుని, యాభై ఆరేళ్ళ మనిషి నడవాలో చిన్నపిల్లలా పరుగులాంటి నడక నడిచింది.

ఆ విశ్వవిద్యాలయంలో మెకానికల్ విభాగం పొడుగాటి కట్టడం. మధ్యలో నడవా, అటూ ఇటూ గదులు. తలుపులమీద పెద్ద పెద్ద పేర్లే ఉన్నాయిగాని, అవి పూర్తిగా పలికేలోపు చేతిలో టీ చల్లారిపోతుంది. అందుకని పనివాళ్ళు తమ పేర్లు తాము పెట్టుకున్నారు. పెద్ద గొట్టంలోకి గాలి తోలి, దానికి ఎదురుగా చెక్క రెక్కల్ని నిలబెట్టి చూసేది గాలిగది. ఇంజను కడుపుకు గాజు కిటికీ పెట్టి లోపల మంట ఎలా పుడుతుందో చూసేది మంటగది. బిళ్ళకు బిళ్ళను రుద్ది ఎంత అరిగిందో తూచేది రాపిడిగది. వంతెన బొమ్మల్ని ఊపి ఊపి చూసేది వణుకుగది. ఇనప చేతులకు పనులు నేర్పేది చేతులగది. ఏ గదిలో ఏ ముక్కను పరీక్షకు పెట్టాలన్నా ముందది నునుపమ్మ బల్లమీదికి రావలసిందే. రెక్క గరుకుగా ఉంటే గాలి దారి తప్పుతుంది. బిళ్ళమీద గీత ఉంటే తూకం తప్పుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె గరుకు కాగితంతో మొదలుపెట్టి, సన్నకాగితం, ఇంకా సన్నకాగితం, చివరికి మఖమలు గుడ్డమీద మెరుగుపెట్టే తెల్లటి ముద్ద వేసి, లోహాన్ని అద్దం చేస్తోంది. ఆ పనిలోనే ఆమె వేళ్ళమీది గీతలన్నీ అరిగిపోయాయి. ఈ కట్టడంలో చదివి పట్టా పుచ్చుకున్న వాళ్ళందరి పుస్తకాల్లోనూ ఎక్కడో ఒకచోట ఆమె తుడిచిన లోహం ఫొటో ఉంటుంది. ఫొటో కింద ఆమె పేరుండదు. దానికామె ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. వండినవాళ్ళ పేరు కంచంమీద రాసుంటుందా?

నడవా చివరి గది అలసటగది. లోహం కూడా అలిసిపోతుందని ఆమెకు అక్కడే తెలిసింది. తీగను ఒక్కసారి వంచితే ఏమీ కాదు. అటూ ఇటూ అదేపనిగా వంచుతూ పోతే ఎక్కడో తెగుతుంది. ఎన్నిసార్లకు తెగుతుందన్నదే ఆ గదిలో లెక్క.

తలుపు తీయకముందే చెవి ఆనించి విన్నది. గుయ్యిమని ఒకే శ్రుతిలో మోత. ఉంది, బతికే ఉంది!

"ఎంతయింది?" అంటూ లోపలికి వెళ్ళింది.

"తొమ్మిది కోట్ల ఎనభై ఆరు లక్షల ఎనభై ఆరు వేలు!" అంది కోట్లమ్మాయి. యంత్రం ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. రెండు కాళ్ళకీ రెండు రకాల మేజోళ్ళు. "పిన్నీ, నాకు కడుపులో ఏదోలా ఉంది."

"ఏమీ తినకపోతే ఏదోలా కాక ఇంకెలా ఉంటుంది? ముందు లేచి ముఖం కడుక్కో. ముక్క నిన్ను చూసి దడుచుకుంటుంది."

నోరు తెరిస్తే కోట్లు తప్ప మాట్లాడదని ఆ పరిశోధక విద్యార్థినికి అందరూ పెట్టిన పేరు కోట్లమ్మాయి. మూడేళ్ళుగా ఒక కొత్త మిశ్రమ లోహాన్ని పరీక్షిస్తోంది. మనిషి తుంటి ఎముక అరిగిపోతే దాని చోట పెట్టడానికి పనికొస్తుందా లేదా అన్నది ప్రశ్న. మనిషి అడుగు వేసినప్పుడల్లా తుంటిమీద బరువు పడుతుంది, లేస్తుంది. అందుకని జానెడు పొడవు ముక్క చేయించి, నడుము సన్నంగా చెక్కించి, ఒక కొసన బరువు వేలాడదీసి గిరగిరా తిప్పుతారు. తిరిగిన ప్రతిసారీ దాని నడుము ఒకసారి వంగి లేచినట్టు. నిమిషానికి మూడువేల తిరుగుళ్ళు. ముక్క విరిగితే బరువు కిందపడి మీట నొక్కుకుంటుంది. టక్కుమంటుంది, యంత్రం ఆగిపోతుంది. ఏడో ముక్క ఇరవై మూడు రోజులుగా ఆగకుండా తిరుగుతోంది. పది కోట్లు తిరిగితే గెలిచినట్టు.

గెలుపు అంత సులువేం కాదు. గోడమీద అంటించిన గీతల కాగితంలో ఆరు చుక్కలున్నాయి, ఒక్కో ముక్కకు ఒక్కో చుక్క. నాలుగు చుక్కలు బుద్ధిగా ఒకే వాలులో దిగుతున్నాయి. నాలుగోదీ ఐదోదీ మాత్రం గుంపులోంచి తప్పిపోయినట్టు ఎక్కడో దూరంగా పడ్డాయి. రెండు కోట్లు తిరగవలసిన నాలుగో ముక్క ఇరవై లక్షలకే టక్కుమంది. ఐదోది ముప్ఫై ఒక్క లక్షలకు. లోహం లోపలే ఏదో తెలియని లోపం ఉందని కోట్లమ్మాయి రెండు నెలలుగా రాత్రీ పగలూ రాస్తోంది. "ఏడోది కూడా ముందే విరిగితే ఈ లోహాన్ని పారేద్దాం," అన్నాడు ఆమె గురువు పెద్దసారు. "విరగకపోయినా, ఆ రెండు చుక్కలకు కారణం చెప్పలేకపోతే దీన్ని మనిషి ఒంట్లో పెట్టమని మనం ఎవరితోనూ అనలేం."

కారణం ఒక మనిషికి తెలుసు. ఆ మనిషి పక్కగదిలో తన బల్ల దగ్గర ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, ఎనిమిదో ముక్కను చేతిలోకి తీసుకుంది.

ఆ చిన్నగదికీ అలసటగదికీ మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కిటికీ వెలుగులో నునుపమ్మ ముక్కను ఎడమచేతి వేళ్ళమధ్య పట్టుకుని, కుడిచేత్తో పుల్లకు చుట్టిన సన్నకాగితాన్ని దాని నడుముమీద నడిపించింది. నిలువుగా, కొసనుంచి కొసకు. ఒక తుడుపు, ముక్కను వెంట్రుకవాసి తిప్పడం, మళ్ళీ తుడుపు. ఇదే మొత్తం విద్య. అలసటగది ముక్కకు ఆఖరి తుడుపు పొడవునా ఉండాలి, జుట్టు దువ్విన గీతల్లా. అడ్డంగా ఒక్క గీత, కంటికి ఆననంత గీత ఉన్నా చాలు, పగులు అక్కడ పుడుతుంది. పుట్టి, ఎవరికీ చెప్పకుండా లోపలికి పాకుతుంది. ముక్క మాత్రం పైకి ఎప్పటిలాగే మెరుస్తూ తిరుగుతుంటుంది.

ఒక్క ముక్కకు ఆఖరి తుడుపే మూడు గంటల పని. రెండు నెలల కిందట ఆమె ఎడమ భుజం పట్టేసింది. మోచేతిదాకా గుంజేది. నాలుగో ముక్క రోజున నడవాలో ఎవరూ లేకుండా చూసి, ముక్కను లేతు మరకు బిగించి తిప్పింది. కాగితం ఊరికే ఆనించి పట్టుకుంటే చాలు, అదే తిరిగింది. పావుగంటలో అద్దమైంది. ఆ మెరుపు చూసి కోట్లమ్మాయి చప్పట్లు కొట్టింది కూడా. ఐదోదీ అలాగే చేసింది. అవి రెండూ విరిగిన రోజునుంచీ ఆమె మళ్ళీ లేతు జోలికి పోలేదు. ఆరోదీ ఏడోదీ పళ్ళు బిగించుకుని చేత్తోనే తుడిచింది. కాని విషయం మాత్రం చెప్పలేదు.

టక్!

కోట్లమ్మాయి కెవ్వుమంది. నునుపమ్మ చేతిలో ముక్క జారబోయింది. ఇద్దరూ ఒక్క ఉరుకులో యంత్రం దగ్గరికి చేరారు. అది గుయ్యిమంటూ తిరుగుతూనే ఉంది. గుమ్మంలో లేతు పనివాడు నేలమీద పడ్డ స్పానరుకేసి చూస్తూ బిక్కముఖం వేశాడు.

"జారిందక్కా."

"నీ చెయ్యి జారితే మా ప్రాణాలు జారాయి! ఇవాళ నాలుగయ్యేదాకా ఇనప వస్తువు పట్టుకుని ఈ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా."

"కొత్త తుంటి వేయించవా మరి?" అంటూ పారిపోయాడు వాడు.

పదకొండు గంటలకు చేతులగది మేడం కబురు పెట్టింది. ఆ గదిలో బల్లమీద మనిషి చెయ్యంత ఇనప చెయ్యి ఒకటి బిగించి ఉంది. మూడు వారాలుగా నునుపమ్మ మణికట్టుకూ వేళ్ళకూ తీగల పట్టీలు కట్టి, ఆమె తుడుస్తుంటే ఒత్తిడెంత, వేగమెంత అని రాసుకుంటున్నారు. ఆ రాతంతా ఇవాళ ఇనప చేతికి ఎక్కించారు.

"చూడండి, మీ శిష్యుడు మొదలుపెడుతున్నాడు!" అంది మేడం. ఆమె కళ్ళు బుడగల్లా మెరుస్తున్నాయి.

ఇనప చెయ్యి కదిలింది. కాగితం చుట్టిన పుల్లను ముక్కమీద పెట్టి నిలువుగా నడిపింది. నునుపమ్మ నోరు తెరుచుకుని చూసింది. అది తన తుడుపే! మొదట్లో కాస్త ఒత్తు, నడుము దగ్గర తేలిక, కొస దగ్గర చిన్న విడుపు. అద్దంలో తనను తాను చూసుకున్నా అంత వింతగా ఉండదు.

"అమ్మదొంగా! నా దగ్గర ముప్ఫై ఏళ్ళది మూడు వారాల్లో లాగేశాడే!"

పది తుడుపులు తుడిచి, ఇనప చెయ్యి ఆగింది. మూడు సెకన్లు గాల్లో అలాగే నిలబడింది. మళ్ళీ మొదలుపెట్టింది. మరో పది తుడుపులకు మళ్ళీ ఆగింది.

"ఇదొక్కటే అర్థం కావడంలేదు," అంది మేడం. "ప్రతి పదింటికీ మీరు ఆగుతారు. అది కూడా నేర్చుకుంది. ఎందుకాగుతారు? ముక్క చల్లారడానికా? అందులో ఏదైనా కిటుకుందా?"

నునుపమ్మ నవ్వింది. "కిటుకా పాడా! నా భుజం నొప్పి మేడం అది. పది లాగేసరికి గుంజుతుంది, ఒక్క క్షణం ఆగుతా. పాపం, వీడికి నొప్పి కూడా అంటించానా?"

గదంతా గొల్లుమంది. మేడం నవ్వు ఆపుకుని, "ఎప్పటినుంచి నొప్పి?" అనడిగింది.

"రెండు నెలల్నించి."

"ఈ లాగడం మీకు ఎప్పుడూ నిలువుగానేనా? ఎప్పుడైనా వేరేలా చేస్తారా? అన్నీ దీనికి నేర్పాలి కదా."

"ఎప్పుడూ నిలువుగానే," అంది నునుపమ్మ.

అనేసి, ఇనప చేతికేసి చూసింది. అది పది తుడిచి ఆగింది. దాచుకోవడం దానికి తెలియదు. ఉన్నదున్నట్టు చూపించేస్తోంది. రెండు నెలల్నించి అని తన నోటితోనే అంది కదా. ఆ మాట వినే చెవులుంటే అందులోనే అంతా ఉంది. ఆమెకు ఒంట్లో వేడి పుట్టింది. నడవాలోకి వచ్చేసరికి చెమట పట్టింది.

మధ్యాహ్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిన్నదో లేదో ఫోను మోగింది. ఆమె భర్త. ఒకప్పుడు బస్సు నడిపేవాడు. తుంటి అరిగి, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

"ఏమైంది? ఉందా, ఊడిందా?"

"ఉంది. ఇంకో మూడు గంటలు."

"అది నిలిస్తే మొట్టమొదటి ఫోను నాకే చెయ్యాలి. మీ పెద్దసారుక్కూడా తర్వాతే. ఎంతైనా నా తుంటి."

"అబ్బో, అప్పుడే నీ తుంటైపోయిందా?"

"మరి? నా పెళ్ళాం తుడిచింది. వేరేవాడి ఒంట్లో ఎలా పెడతారు?"

నునుపమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. ముక్క నిలిచినా ఆ రెండు చుక్కలూ అలాగే ఉంటాయి. అవి ఉన్నంతకాలం ఈ లోహం ఎవరి ఒంట్లోకీ వెళ్ళదు. డబ్బా మూత పెట్టేసి లేచింది.

కోట్లమ్మాయి గోడకానుకుని కూర్చుని బిస్కట్టు నములుతోంది. తిరుగుళ్ళు చూపే లెక్కచక్రాలమీద తొమ్మిది కోట్ల తొంభై నాలుగు లక్షలు దాటింది.

"అమ్మడూ, నీతో ఒక మాట చెప్పాలి. తిడితే తిట్టుగాని మధ్యలో ఆపకు."

"ఏంటి పిన్నీ?"

"నాలుగో ముక్కా, ఐదో ముక్కా నేను చేత్తో తుడవలేదు. లేతుకు బిగించి తిప్పా."

కోట్లమ్మాయి నమలడం ఆపింది. "ఆఖరి తుడుపు?"

"అది కూడా."

"అంటే నిలువుగా కాదా?"

"చుట్టూరా."

కోట్లమ్మాయి మెల్లగా లేచి నిలబడింది.

"రెండు నెలలు పిన్నీ! లోహం లోపల లోపముందని నూట పదమూడు పేజీలు రాశాను! రోజూ నా పక్కనే కూర్చుని టీ తాగావు. ఒక్కసారి చెప్పొచ్చుగా!"

"చెబుదామనే వచ్చా. ఆ రోజే నువ్వు ఎదురొచ్చి, కొత్త సంగతి దొరికింది పిన్నీ అని గెంతావు. నోరు రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుంటే మాట బరువెక్కిపోయింది. భయమూ వేసింది. ఈ కట్టడంలో నాకున్నదల్లా ఈ చెయ్యి. ఇదే సరిగా లేదంటే నాతో ఎవరికేం పని?"

కోట్లమ్మాయి బీరువా తెరిచి, చిన్న పెట్టె తీసి, అందులోంచి నాలుగో ముక్క రెండు సగాలూ పట్టుకుని సూక్ష్మదర్శిని దగ్గరికి విసవిసా నడిచింది. ఇన్నాళ్ళూ ఆమె విరిగిన ముఖాన్నే చూసింది, లోపలి లోపంకోసం. ఇప్పుడు ముక్కను పక్కకు తిప్పి, విరిగిన చోటుకు ఆనుకుని ఉన్న పైపొరమీద వెలుగు వాల్చింది. మర తిప్పుతూ చాలాసేపు చూసింది. నునుపమ్మ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడింది.

"గాజులు," అంది కోట్లమ్మాయి, నెమ్మదిగా. తర్వాత అరిచింది. "పిన్నీ, గాజులు! చేతినిండా గాజులు తొడిగినట్టు చుట్టూ గీతలు! చూడు, చూడు, పగులు ఒక గీత వెంబడే మొదలైంది! లోపల్నించి కాదు, పైనుంచే!" ఐదో ముక్కను తెచ్చి పెట్టింది. అందులోనూ గాజులే. ఆమె నునుపమ్మ భుజాలు పట్టుకుని ఊపేసింది. "లోహంలో ఏ లోపమూ లేదు! నన్ను నిండా ముంచింది నువ్వే, ఒడ్డుకు లాగిందీ నువ్వే! నిన్నేం చెయ్యాలో నాకు తెలియడంలేదు!"

"ఎడమ భుజం వదిలి ఏమన్నా చెయ్యి తల్లీ!"

కోట్లమ్మాయి ఏడుస్తూ నవ్వింది. నూట పదమూడు పేజీలు పోయినందుకు ఏడుపు, లోహం దక్కినందుకు నవ్వు. రెండూ ఒకేసారి రావడంతో ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నునుపమ్మ నీళ్ళు తాగించి వీపు నిమిరింది.

మూడు గంటలకు పెద్దసారు వచ్చాడు. కోట్లమ్మాయి గుక్కతిప్పుకోకుండా చెప్పిందంతా విని, సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి ఎంతకీ తలెత్తలేదు. చివరికాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఆ రెండు చుక్కలూ చెరిపేయకు," అన్నాడు కోట్లమ్మాయితో. "ఉంచు. పక్కన ఎలా తుడిచారో రాయి. చుట్టూరా తుడిస్తే ఇంత, నిలువుగా తుడిస్తే ఇంత. ఇది తెలియక ఎన్నిచోట్ల ఎంత మంచి లోహాన్ని పారేశారో! ఎవరు తుడిచారో, ఎవరు చెప్పారో కూడా పేరుతో సహా రాయి." తర్వాత నునుపమ్మవైపు తిరిగాడు. "నొప్పుంటే చెప్పాలమ్మా. రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి ఆ భుజం చూపించుకోండి. అదే మీకు శిక్ష."

"రేపే వెళతా సార్," అంది నునుపమ్మ. ఆమెకు నేలమీద కాళ్ళు ఆనడంలేదు. రెండు నెలల బరువు దిగితే ఒళ్ళింత తేలికవుతుందా!

నాలుగు గంటలకు అలసటగదిలో కాలు పెట్టే చోటు లేదు. గాలిగదివాళ్ళూ మంటగదివాళ్ళూ వచ్చారు. రాపిడిగది ముసలి సారు కుర్చీ తెచ్చుకున్నాడు. చేతులగది మేడం వెనకనుంచి మునివేళ్ళమీద లేచి చూస్తోంది. లేతు పనివాడు తన రెండు చేతులూ ఖాళీ అని అందరికీ చూపించుకుని లోపలికొచ్చాడు. కాపలాదారు గేటు ఎవరికొదిలేశాడో ఎవరూ అడగలేదు.

తొమ్మిది కోట్ల తొంభై తొమ్మిది లక్షల తొంభై వేలు. ఇంకా మూడు నిమిషాల పైచిలుకు.

"ఇప్పుడు విరిగితే?" అన్నారెవరో.

"ఆ మాటన్న నాలుకను చుట్టూరా తుడుస్తా," అంది నునుపమ్మ. గది గొల్లుమని, మళ్ళీ బిగుసుకుపోయింది.

తొంభై ఐదు వేలు. తొంభై ఎనిమిది. కోట్లమ్మాయి నునుపమ్మ చేతిని నలిపేస్తోంది. లెక్కచక్రాల్లో చివరి రెండూ కంటికి ఆనకుండా పొగలా తిరుగుతున్నాయి. మిగతావన్నీ తొమ్మిదులే. తొమ్మిదులన్నీ ఒక్కసారి బద్ధకం వదిలించుకున్నట్టు కదిలాయి, పొర్లాయి, పడ్డాయి.

అన్నీ సున్నాలు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు ఒకటి, వెనక సున్నాలు వస్తాయని అందరూ అక్కడే కళ్ళు పెట్టుకుని ఉన్నారు. "ఒకటేదీ? ఒకటేమైంది?" అంది కోట్లమ్మాయి బిత్తరపోయి.

"ఉన్నవి ఎనిమిది చక్రాలే అమ్మడూ!" అంది నునుపమ్మ. "తొమ్మిదోదెక్కడుంది ఒకటి రావడానికి? పది కోట్లు అయిపోయాయి. పాపం, దానికి ఇంక లెక్క రాక మళ్ళీ మొదటికొచ్చింది!"

అప్పుడు పగిలింది గది. చప్పట్లు, కేకలు, ఈలలు. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రాపిడిగది ముసలి సారు కుర్చీమీదికి ఎక్కబోతే ఇద్దరు పట్టుకుని దించారు. ముక్క మాత్రం తనకేమీ పట్టనట్టు గుయ్యిమంటూ తిరుగుతోంది. నడుముమీద కిటికీ వెలుగు సన్నటి గీతలా కదలకుండా నిలబడి ఉంది.

ఆ సందడిలోంచి నునుపమ్మ మెల్లగా తన చిన్నగదిలోకి జారుకుంది. గుండె ఇంకా దడదడలాడుతోంది. ఫోను చెయ్యాలి. ముందు ఈ ఎనిమిదో ముక్కకు ముద్ద రాసి పెడితే పని తెమిలినట్టు. పీటమీద కూర్చుని, ముక్కను మఖమలు గుడ్డమీద పడుకోబెట్టి, తెల్లటి ముద్దను బొటనవేలితో దాని నడుముకు అద్దింది.

"పిన్నీ!" అని అలసటగదిలోంచి కేకేసింది కోట్లమ్మాయి. "ఆపేద్దామా, తిరగనిద్దామా?"

"తిరగనీ! ఎంతదూరం పోతుందో చూద్దాం!"

కాసేపటికి కోట్లమ్మాయి రెండు గ్లాసుల టీ పట్టుకుని వచ్చింది. పిన్ని గోడకు తల ఆనించి, కిటికీవైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది. పెదవులమీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఒక గ్లాసు ఆమె ముందు పెట్టి, రెండోది ఊదుకుంటూ కోట్లమ్మాయి చాలా మాట్లాడింది. నూట పదమూడు పేజీల్లో ఏవి ఉంచాలో, ఏవి చింపాలో. ఆ తర్వాత, పిన్ని ఇంతసేపు ఎదురు చెప్పకుండా ఉండదని తోచి, ఆమె చెయ్యి పట్టుకుంది. చల్లగా తగిలింది.

భుజం కాదు, గుండె అన్నాడు వైద్యుడు. రెండు నెలలుగా గుంజుతున్నది అదేనన్నాడు.

భర్త కర్ర పట్టుకుని వచ్చాడు. లేతు పనివాడు ఒక పక్క, కాపలాదారు ఒక పక్క నిలబడి కూర్చోబెట్టారు. ఆయన కోట్లమ్మాయివైపు తలెత్తాడు.

"ముక్క నిలిచిందా తల్లీ?"

"నిలిచింది బాబాయ్."

"అయితే నాకు ఫోను చెయ్యబోయే ఉంటుంది," అన్నాడాయన.

యంత్రాన్ని ఎవరూ ఆపలేదు. మర్నాడు పొద్దున సున్నాల చోట ముప్ఫై లక్షలుంది, వారానికి మూడు కోట్లు దాటింది. పక్కగది బల్లను కూడా ఎవరూ కదపలేదు. మఖమలు గుడ్డమీద ఎనిమిదో ముక్క అలాగే ఉంది. దాని నడుముమీద తెల్లటి ముద్ద ఆరి గట్టిపడింది. ఆ ముద్దలో బొటనవేలి గుర్తు ఒకటి, ఒక్క గీతా లేకుండా, నున్నగా.